అదోలా నవ్విన హీరో, చివ్వున తలెత్తిన హీరోయిన్

నవల మొదలై ఇంకా నలభై పేజీలు కాలేదు, హీరోయిన్ అప్పటికే ఆరుసార్లు నిట్టూర్చింది. మొదటిసారి పాఠకుడికి జాలేసింది. రెండోసారి పట్టించుకోలేదు. మూడోసారికి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, ఇక అక్కడినుంచి కథ ఎటు పోతోందో గానీ అతని దృష్టంతా తర్వాతి నిట్టూర్పు ఏ పేజీలో వస్తుందా అన్నదాని మీదే. ఆవిడ భర్త వదిలేసి పోయినా, కొడుకు జైలుకెళ్ళినా పాఠకుడికి ఇప్పుడు బాధ వెయ్యదు, "ఇదిగో, ఇక్కడ నిట్టూరుస్తుంది చూడు" అనిపిస్తుంది. ఆవిడ నిట్టూరుస్తుంది కూడా. పైగా "దీర్ఘంగా".

తెలుగు నవలలు ఓ పాతిక చదివిన ఎవరికైనా ఈ చిరాకు తెలిసిందే. తమాషా ఏమిటంటే ఆ మాటల్ని విడివిడిగా పట్టుకుని చూస్తే ఒక్కదాంట్లోనూ తప్పు కనిపించదు. "అవాక్కయ్యాడు" చక్కటి మాట. "ఉలిక్కిపడింది" ఇంకా చక్కటి మాట, దాంట్లో ఆ పడటం వినిపిస్తుంది కూడా. మరి చిరాకు దేనికి?

ఇలాంటి వాటికి తెలుగులో పేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఒకటి ఊతపదం, అంటే మాట తడబడినప్పుడు కర్రలాగా ఊతం పట్టుకునే పదం. మాట్లాడేటప్పుడు "అంటే", "మరేమో", "అదేంటంటే" అంటూ ఉంటాం కదా, అవి. ఇంకొకటి పడికట్టు పదం. తూకానికి తక్కెడలో వేసే రాయిని పడికట్టు రాయి అనేవాళ్ళు. బియ్యం తూచినా బెల్లం తూచినా అదే రాయి. నవలల్లో పరిస్థితీ అదే. తండ్రి పోయినా, లాటరీ తగిలినా, పాత ప్రియుడు బస్టాండులో కనిపించినా తక్కెడలో వేసే రాయి ఒక్కటే, "నిశ్చేష్టురాలైంది".

"గిర్రున" అనే మాట చేసే చాకిరీ చూస్తే దాని మీద జాలేస్తుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరుగుతాయి. కాలచక్రం గిర్రున తిరుగుతుంది. కళ్ళు తిరిగి పడిపోయే ముందు తల గిర్రున తిరుగుతుంది. కోపమొచ్చిన హీరో గిర్రున వెనక్కి తిరుగుతాడు. పైన ఫ్యాన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇన్ని పనులకి ఒకే మాట పంపితే అది ఏ పనీ సరిగ్గా చెయ్యదు. కన్నీళ్ళు నిజంగా కళ్ళలో ఎలా ఊరతాయో, ముందు ముక్కు ఎలా మండుతుందో, ఎదురుగా ఉన్న మనిషి ఎలా మసకబారతాడో ఎవరికి తెలియదు? అంతా అనుభవించిందే. కానీ రాసేటప్పుడు ఆ అనుభవం దాకా వెళ్ళాల్సిన అవసరం లేకుండానే "గిర్రున" వచ్చి కూర్చుంటుంది.

ధ్వనిని పట్టుకుని అర్థం చెప్పే ఇలాంటి మాటలు తెలుగులో లెక్కలేనన్ని ఉన్నాయి, వంటింట్లోకి వెళ్తే చాలు, ఆవాలు చిటపటలాడతాయి, పప్పు కుతకుతా ఉడుకుతుంది, దోసె పెనం మీద చుయ్యిమంటుంది. ఇంత సంపద ఉండి నవలలు వాడేవి మాత్రం ఓ డజను. అదీ జంటలు కట్టేసి మరీ. దిగ్గున లేవాలి, చటుక్కున చెయ్యి పట్టుకోవాలి, ఫక్కున నవ్వాలి, గుప్పున పొగ వదలాలి, చివ్వున తలెత్తాలి. ఈ "చివ్వున" సంగతి ఆలోచించండి. ఇంట్లో ఎవరైనా "నేను పిలవగానే మా అమ్మాయి చివ్వున తలెత్తిందండీ" అనగా విన్నారా? అది నవలల్లోనే బతుకుతున్న మాట. నవలల్లో ఆడపిల్లలు తప్ప ఎవరూ చివ్వున తలెత్తరు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అదేపనిగా ఒక మాట పట్టుకుని వేలాడటం పాత్ర చేస్తే పాఠకుడికి విసుగు రాదు, పైగా ముచ్చటపడతాడు. కన్యాశుల్కంలో గిరీశం నోట "మై డియర్ షేక్స్పియర్" ఎన్నిసార్లు వచ్చినా ఎవరికీ బోర్ కొట్టలేదు, నూరేళ్ళు దాటినా జనం దాన్ని చెప్పుకుని నవ్వుకుంటూనే ఉన్నారు. ఎందుకంటే అది గిరీశం బుద్ధిని చూపిస్తుంది. అరకొర ఇంగ్లీషుతో కుర్రాణ్ణి బుట్టలో వేసుకునే మనిషికి అలాంటి ఊతపదమే ఉండాలి. ఆ మాట వెనకాల గురజాడ ఉండి దాన్ని కావాలని వాడుతున్నాడని చదివేవాడికి తెలుస్తూనే ఉంటుంది. అదే కథ చెప్పే గొంతు, అంటే ఏ పాత్రా కాని ఆ రచయిత గొంతు, ప్రతి పది పేజీలకీ "ఒక్క క్షణం నిశ్శబ్దం రాజ్యమేలింది" అంటే దాని వెనకాల ఎవరూ లేరు, అలవాటు తప్ప. చిరాకు మొదలయ్యేది అక్కడే. రచయిత ఆ సన్నివేశాన్ని చూడలేదనీ, చూడకముందే వాక్యం రాసేశాడనీ పాఠకుడు పసిగడతాడు.

దీనికి పరాకాష్ఠ "అదోలా".

"అతను అదోలా నవ్వాడు." ఎలా? అదోలా. "ఆమె అదోలా చూసింది." మళ్ళీ ఎలా? మళ్ళీ అదోలానే. మామూలు మాటల్లో "అదోలా" చాలా నిజాయితీ గల పదం. పొద్దున్నే లేచి "ఒంట్లో అదోలా ఉంది" అంటే జ్వరమో, నీరసమో, భయమో తనకే తేలడం లేదని చెప్పడం. ఎదుటి మనిషి మొహం చూసి, నుదుటి మీద చెయ్యి వేసి మిగతాది తెలుసుకుంటాడు. పుస్తకంలో చెయ్యి వేసి చూసే వీలు లేదు. పైగా ఇక్కడ చెప్పేది సర్వాంతర్యామి లాంటి కథకుడు, హీరో తాతగారి వీలునామాలో ఏముందో తెలిసినవాడు, విలన్ ఎవరిని చంపబోతున్నాడో తెలిసినవాడు. అంతటివాడికి ఒక నవ్వు ఎలా ఉందో తెలియదా?

తెలుసుకోవాలంటే మాత్రం కష్టం కాదు. అప్పిచ్చిన మనిషి "వచ్చే నెల తప్పకుండా ఇచ్చేస్తానండీ" అన్న మాట నాలుగోసారి విన్నప్పుడు ఒక నవ్వు నవ్వుతాడు. పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి వంట వచ్చా" అని అడిగితే ఎమ్మెస్సీ చదివిన అమ్మాయి ఒక నవ్వు నవ్వుతుంది. ఈ రెండూ "అదోలా" నవ్వులే, కానీ ఒకదానికొకటి ఏ పోలికా లేదు. మొదటిదాంట్లో మర్యాద ఉంది, ఓపిక అయిపోవడం ఉంది. రెండోదాంట్లో తండ్రి పరువు కోసం మింగేసిన జవాబు ఉంది. "అదోలా" అని రాసిన క్షణంలో ఈ రెండు నవ్వులూ ఒకే గోతిలో పడి కనిపించకుండా పోతాయి.

అదోలాకి అన్నదమ్ములు చాలామంది. "ఏదో తెలియని అనుభూతి." "ఏదో తెలియని ఆకర్షణ." "ఎందుకో తెలియదు గానీ." "అప్రయత్నంగా." "తనకు తెలియకుండానే." ప్రేమకథల్లో అయితే ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ తెలియకుండానే దగ్గరవుతారు, అప్రయత్నంగా చేతులు కలుస్తాయి, ఎందుకో కళ్ళు చెమరుస్తాయి. ఇక అన్నిటికీ పెద్దన్న "వర్ణనాతీతం". "ఆ తల్లి ఆనందం వర్ణనాతీతం." "ఆ క్షణంలో అతని బాధ మాటల్లో చెప్పలేనిది." మాటల్లో చెప్పడం తప్ప ఇంకో పని లేని మనిషి మాటల్లో చెప్పలేనంటే, మేస్త్రీ వచ్చి ఈ గోడ కట్టశక్యం కానిదని చెప్పి కూలి తీసుకుని వెళ్ళిపోయినట్టు.

గుండె సంగతి తొందరగా దాటేద్దాం, ఎందుకంటే దాని మీద జోకులు కూడా అరిగిపోయాయి. ఝల్లుమంటుంది, లయ తప్పుతుంది, బరువెక్కుతుంది, చెరువవుతుంది, గొంతులోకొస్తుంది. ఇవన్నీ ఒకే అధ్యాయంలో జరిగిన నవలలు ఉన్నాయి, మనిషి మాత్రం బతికే ఉంటాడు.

"అన్నాడు" అనే మాటకి రచయితలు భయపడటం వేరే జబ్బు. పదేపదే "అన్నాడు, అంది" వస్తే బాగోదని ఎవరు చెప్పారో గానీ, దాన్ని తప్పించుకోవడానికి పాత్రలు పలుకుతాయి, ప్రశ్నిస్తాయి, రెట్టిస్తాయి, గద్దిస్తాయి, నొక్కి వక్కాణిస్తాయి. నిజానికి "అన్నాడు" కంటికి ఆనదు, కామా లాంటిది, ఎన్నిసార్లు వచ్చినా కన్ను దాని మీదనుంచి జారిపోతుంది. అమెరికన్ రచయిత ఎల్మోర్ లెనర్డ్ 2001లో రాసిన పది సూత్రాల్లో సంభాషణ మోయడానికి ఈ ఒక్క క్రియ తప్ప మరోటి వాడొద్దన్నది ఒకటి. తెలుగు నవలల్లో సంభాషణ ముందు, చెప్పిన తీరు తర్వాత రావడం మామూలు కాబట్టి ఇక్కడ నష్టం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. "నువ్వు రేపటినుంచి ఇంటికి రావొద్దు" అని చదివేటప్పటికే పాఠకుడి చెవిలో ఒక గొంతు పలికేసింది, అది కోపంగానో వణుకుతోనో వినేశాడు కూడా. ఆ తర్వాత తీరిగ్గా "మార్దవంగా అన్నాడు" అని వస్తుంది. పాఠకుడు వెనక్కి వెళ్ళి మార్దవంగా మళ్ళీ చదువుకోవాలా ఇప్పుడు?

ఈ "గా"లు కూడా ఒక మూట. సాలోచనగా, ముభావంగా, నిర్లిప్తంగా, నర్మగర్భంగా, అనునయంగా, ముక్తసరిగా. ముక్తసరి అనేది ఉర్దూ "ముఖ్తసర్" నుంచి వచ్చింది, క్లుప్తం అని అర్థం. పాత్ర "ఆఁ, చూద్దాం" అని రెండు ముక్కల్లో తేల్చేశాక, అది క్లుప్తంగా ఉన్న సంగతి కళ్ళముందే ఉన్నాక, పక్కన "ముక్తసరిగా అన్నాడు" అని రాయడం దేనికో అర్థం కాదు. "నర్మగర్భంగా" అయితే మరీ అన్యాయం, మాటలో ఏదో గూఢార్థం ఉందని పాఠకుడికి కన్నుగీటి చెప్పేశాక అందులో గూఢం ఏం మిగిలింది.

మాట రిపీట్ అవకూడదన్న భయం, పర్యాయపదాల నిఘంటువైన అమరకోశం చదివిన తరం నుంచి వచ్చిందేమో అనిపిస్తుంది. ఒకసారి సూర్యుడు అని రాస్తే రెండోసారి భానుడు, మూడోసారి దినకరుడు, సాయంత్రానికి ప్రభాకరుడు పడమటి కొండల్లోకి వాలిపోతాడు. పేపర్లలో ఇప్పటికీ ఎండాకాలం వస్తే భానుడు భగభగలాడతాడు, వానలు రాకపోతే వరుణుడు కరుణించడు. నవలలో ఆరు పేర్లతో ఆరు చోట్ల ఉదయించిన సూర్యుడి కంటే, ఆరుసార్లూ సూర్యుడనే పేరుతోనే వచ్చినవాడు తక్కువ ఇబ్బంది పెడతాడు. ఇక్కడ పాఠకుణ్ణి విసిగించేది మాట మళ్ళీ రావడం మాత్రమే అనుకుంటే పొరపాటు, మాట మళ్ళీ రాకుండా రచయిత పడే పాట్లు కనిపించడం కూడా అంతే విసుగు.

మరి ఈ పడికట్టు మాటలు ఇంతలా ఎందుకు పాతుకుపోయాయి? మన సాహిత్యానికి ఇదేమీ కొత్త కాదు. మహాకావ్యంలో ఏమేమి ఉండాలో సంస్కృతంలో కావ్యశాస్త్రం రాసిన దండి తన కావ్యాదర్శంలో చెప్పాడు, నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, జలక్రీడ, ఇలా పద్దెనిమిది వర్ణనలు. అష్టాదశ వర్ణనలని తెలుగు ప్రబంధ కవులు వీటిని నెత్తిన పెట్టుకున్నారు. ఇవి చాలవన్నట్టు కవిసమయాలు ఉండనే ఉన్నాయి. చకోరం వెన్నెల తాగుతుంది, హంస పాలనీ నీళ్ళనీ వేరుచేస్తుంది, అందగత్తె కాలు తగిలితే అశోకం పూస్తుంది, కీర్తి తెల్లగా ఉంటుంది. ఇవి నిజం కాదని అందరికీ తెలుసు, అయినా కవులందరూ కలిసి ఒప్పుకున్న మాటలు. అంటే చలామణిలో ఉన్న మాటను మళ్ళీ వాడటం అప్పట్లో తప్పు కాదు, చదువుకున్నాడనడానికి సాక్ష్యం.

కానీ దాన్ని పట్టుకుని "మన సంప్రదాయమే అంత" అని నవలా రచయితలు తప్పించుకోవడం కుదరదు, ఎందుకంటే అదే సంప్రదాయం దానికి శిక్ష కూడా రాసిపెట్టింది. పదకొండో శతాబ్దపు కశ్మీర ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో దోషాల పట్టిక ఇస్తాడు. పాదం నింపడానికి వేసిన ఉత్తుత్తి పదం నిరర్థకం. చెప్పిందే చెప్పడం పునరుక్తం. వీటితోపాటు ఒక దోషం ఉంది, దాని పేరు అనవీకృతం. నవీకరించకపోవడం అన్నమాట, ఒకే సంగతిని కొత్త మలుపేమీ ఇవ్వకుండా అదే తీరులో అంటూ పోవడం. దానికి ఉదాహరణగా ఆయన ఎత్తి చూపిన శ్లోకం ఏ అనామకుడిదో కాదు, ప్రతి పాదం చివరా "తతః కిమ్" అంటూ సాగే ప్రసిద్ధమైన వైరాగ్య శ్లోకం. సంపద వచ్చింది, అయితే ఏంటి? శత్రువుల నెత్తిన కాలు పెట్టావు, అయితే ఏంటి? వినడానికి ఎంత బాగున్నా "అయితే ఏంటి" కొత్తబడలేదు అంటాడు. ఈ తీర్పుతో ఏకీభవించడం కష్టం, ఆ శ్లోకానికి బలమే ఆ మొండి ప్రశ్న. అయినా వెయ్యేళ్ళ కిందటే ఒక పాఠకుడు పుస్తకం పక్కన పెట్టి "మళ్ళీ అదేనా" అని విసుక్కున్నాడని తెలిస్తే కొంచెం ధైర్యంగా ఉంటుంది.

అరిగిన మాటను కొత్తబరచడం ఎలాగో కూడా ఆ సంప్రదాయంలోనే దొరుకుతుంది. ఆడవాళ్ళ ముక్కుని సంపెంగతో పోల్చడం అప్పటికే పాతబడిన సంగతి. తుమ్మెదలు సంపెంగ మీద వాలవన్నది ఇంకో కవిసమయం. ఈ రెండింటినీ ఒకచోట పెట్టాడు ఒక కవి. అన్ని పువ్వుల దగ్గరికీ పోయే తుమ్మెద నా దగ్గరికి రాదేమని సంపెంగ అలిగి తపస్సు చేసింది, ఆడదాని ముక్కుగా పుట్టింది, ఇప్పుడు రెండు కళ్ళ చూపులనే తుమ్మెదలు దానికి అటూ ఇటూ కావలి. భట్టుమూర్తి రాసిన ప్రబంధం వసుచరిత్రలో కనిపించే ఈ పద్యం అసలు నంది తిమ్మన అనే ఇంకో కవిదనీ, భట్టుమూర్తి కొనుక్కున్నాడనీ ఒక కథ ఉంది. ఆ పద్యం వల్లే నంది తిమ్మన ముక్కు తిమ్మన అయ్యాడంటారు. కథ నిజమో కాదో గానీ దాంట్లో ఒక సంగతి ఉంది, ఒక ముక్కు మీద పెట్టిన శ్రద్ధ మనిషి ఇంటిపేరునే మింగేసింది. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్ళకి నవలా రచయిత "సంపెంగ లాంటి ముక్కు, కలువల్లాంటి కళ్ళు" అని ఒక్క లైనులో తేల్చేసి కథలోకి వెళ్ళిపోయాడు.

అతని తొందర కూడా అర్థం చేసుకోవాలి, సీరియల్‌కి గడువుంటుంది. 1960ల నుంచి ఓ మూడు దశాబ్దాల పాటు తెలుగు నవల ఎక్కువగా వారపత్రికల్లో బతికింది. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి, స్వాతి, ఇలా ప్రతి వారం ఇన్ని పేజీలు, చివర్లో "సరిగ్గా అప్పుడే..." అని ఒక కొక్కెం. వారం వారం చదివే మనిషికి హీరోయిన్ వారానికోసారి చివ్వున తలెత్తితే ఏమీ అనిపించదు. పైగా అది గుర్తుపట్టడానికి పనికొస్తుంది, "ఆఁ, ఆ అమ్మాయే కదూ". చిక్కు ఎక్కడొచ్చిందంటే, అవే వారాలు కుట్టి నవలగా అచ్చయి, అద్దె లైబ్రరీలోంచి రోజుకింత అని తెచ్చుకుని, రేపు పొద్దున్న తిరిగి ఇచ్చెయ్యాలి కాబట్టి ఒక్క రాత్రిలో చదివినప్పుడు. పాతిక వారాల చివ్వునలు ఒకే రాత్రి మీద పడతాయి. రచయిత వారానికి కొలిచి రాసిన మందుని పాఠకుడు సీసా మొత్తం ఎత్తి తాగినట్టు. అద్దె పుస్తకాల మార్జిన్లలో పెన్నుతో "అబ్బా", "ఇంకెన్నిసార్లు" అని ఎవరో రాసిపెట్టిన మాటలు ఉండేవి, కొన్నిసార్లు కథ కంటే అవే బాగుండేవి.

ఇప్పుడు ఫోన్‌లో రోజుకో భాగం చొప్పున వచ్చే కథల్లోనూ ఇదే తంతు, మాటలు మాత్రం మారాయి. హీరో బ్రష్ చేసి, "ఫ్రెషప్ అయ్యి" కిందికి దిగుతాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మళ్ళీ ఫ్రెషప్ అవుతాడు. కథలో ముఖ్యమైన గొడవ జరగబోతోందంటే దానికి ముందు ఎవరో ఒకరు ఫ్రెషప్ అయ్యి తీరాలి. "చిన్న స్మైల్ ఇచ్చి", "ఒక లుక్ వేసి", "సీరియస్‌గా చూస్తూ" అన్నవి కొత్త అదోలాలు. వీటిని చూసి పాత నవలల అభిమానులు ముక్కు చిట్లిస్తారు గానీ, "క్రీగంట చూసి" కంటే "లుక్ వేసి" ఏ రకంగా తక్కువో చెప్పడం కష్టం. కనీసం రెండోది జనం నోట్లో ఉన్న మాట.

ఇంగ్లీషు నవలల నుంచి వచ్చిన ఒంటి కదలికలు వేరే కథ. తెలుగు నవలల్లో మనుషులు "భుజాలు ఎగరేస్తారు". పల్లెటూరి కరణంగారు కూడా ఎగరేస్తాడు. తెలియదని చెప్పడానికి భుజాలు ఎగరేసే తెలుగువాడు ఎక్కడున్నాడు? ఇక్కడ అరచెయ్యి తిప్పుతారు, పెదవి విరుస్తారు, "ఏమో" అని గడ్డం ముందుకు పెడతారు. ఆశ్చర్యమేస్తే బుగ్గలు నొక్కుకుంటారు, ముక్కు మీద వేలేసుకుంటారు, తప్పు మాట జారితే నాలుక కరుచుకుంటారు, విసుగొస్తే నుదురు కొట్టుకుంటారు. ఇవన్నీ వదిలేసి పాత్రలు "లోతైన శ్వాస తీసుకుని", "కనుబొమలు పైకెత్తి", "కళ్ళు తిప్పుతూ" తిరుగుతుంటాయి. కళ్ళు తిప్పడం అంటే ఇంగ్లీషులో విసుగట. తెలుగులో ఆ మాట వింటే వయ్యారమో, మూర్ఛో గుర్తొస్తుంది. ఇక "తల అడ్డంగా ఊపాడు", "తల నిలువుగా ఊపింది" అన్నవి కూడా ఉన్నాయి. మనవాళ్ళు ఒప్పుకుంటున్నారో లేదో తేలనివ్వకుండా ఐమూలగా ఊపే ఊపు, ప్రపంచమంతా చూసి తికమకపడేది, నవలల్లో ఎప్పుడూ కనిపించదు.

విసుగు దాటి కోపం తెప్పించే పడికట్టు మాటలు కొన్ని ఉన్నాయి. "చామనఛాయే అయినా కళ గల ముఖం." ఆ "అయినా" ఎంత పని చేస్తోందో చూడండి. ఒంటి రంగు ఒక లోపమనీ, కళ దానికి ఇచ్చిన నష్టపరిహారమనీ మూడక్షరాల్లో చెప్పేసింది, రచయిత ఆ సంగతి ఆలోచించి కూడా ఉండడు. హీరోయిన్‌ది "పసిమి ఛాయ", విలన్ "నల్లగా, బుర్ర మీసాలతో". పనిమనిషి వచ్చిందంటే "అమ్మగోరూ" అనే తీరాలి, ఆవిడది శ్రీకాకుళమైనా చిత్తూరైనా సరే. చాలాకాలం నవలల్లోనూ సినిమాల్లోనూ రౌడీకో, నవ్వించే పాత్రకో తెలంగాణ యాస తగిలించి, హీరోకి మాత్రం కృష్ణా గుంటూరు చదువుకున్నవాళ్ళ భాష పెట్టారు. అది చదివిన తెలంగాణ పాఠకులకి కలిగింది విసుగని ఎవరూ అనలేరు. రచయిత మాత్రం అలవాటుగా రాశానంటాడు. అలవాటుగా రాయడమే కదా ఇక్కడి గొడవంతా.

ఇదంతా సీరియల్ రచయితల జబ్బని సీరియస్ సాహిత్యం వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. వాళ్ళ దుకాణంలో వేరే రాళ్ళున్నాయి. కథ చివర "తూరుపు ఎరుపెక్కుతోంది". కూలి పిడికిలి బిగిస్తాడు, "అతని కళ్ళలో ఎర్రజీర". శ్రీశ్రీ చేతిలో "మరో ప్రపంచం" ఒక పిలుపు, ఆయన తర్వాత దాన్ని శుభలేఖ మీద శ్రీరస్తులాగా వాడేశారు. ఇటీవలి కథల్లో "మట్టివాసన" వస్తుంది, "మూలాలు" పిలుస్తాయి, "అస్తిత్వం" వేదన పడుతుంది. వీటి మీద రాసే సమీక్షలు ఇంకా ఘోరం, "ఆసాంతం ఏకబిగిన చదివిస్తుంది", "గుండెల్ని పిండేస్తుంది", "పాఠకుడి కళ్ళు చెమర్చక మానవు". ఆ పుస్తకాన్ని సమీక్షకుడు నిజంగా చదివాడో లేదో ఈ మాటల వల్ల ఎప్పటికీ తేలదు.

అలాగని ప్రతి వాక్యంలోనూ కొత్త ఉపమానం దంచాలని ఎవరూ అడగడం లేదు. రాత్రి పదకొండింటికి హంతకుడు తలుపు వెనక నిలబడి ఉంటే పాఠకుడికి కావలసింది తలుపు తెరుచుకోవడం, "ముచ్చెమటలు పట్టాయి" అని రాస్తే చాలు, దాటిపోతాడు. అరిగిన మాటలు కథని తొందరగా నడిపించే చోట పనికొస్తాయి. ప్రాణం పోసుకోవలసిన చోట, అంటే ఏ సన్నివేశం కోసం నవల అంతా రాశారో అక్కడ, అవే మాటలు వచ్చి నిలబడితే మాత్రం మొత్తం దెబ్బతింటుంది.

తన ఊతపదం తనకు వినపడదు, అది రచయితకైనా మామూలు మనిషికైనా. పట్టుకోవడానికి ఇప్పుడు కంప్యూటర్ ఉంది గానీ తెలుగులో వెతకడానికి చిన్న కిటుకు కావాలి. "నిట్టూర్చింది" అని వెతికితే నాలుగే దొరుకుతాయి, రచయిత గుండె మీద చెయ్యేసుకుంటాడు. "నిట్టూ" అని ఆపేసి వెతకాలి, అప్పుడు నిట్టూర్చాడు, నిట్టూరుస్తూ, నిట్టూర్పు, నిట్టూర్చక తప్పలేదు అన్నీ బయటపడతాయి. అలాగే "ఉలిక్కిప", "నిశ్చేష్ట", "అదోల". మన మాటలు చివర్లో మారతాయి కాబట్టి మొదలు పట్టుకుని లాగాలి. డీటీపీ వాళ్ళ దగ్గర పాత అనూ ఫాంట్లలో ఉన్న నవలైతే ఈ వెతుకులాట సరిగ్గా సాగదు, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. దొరికిన ప్రతిదాన్నీ కొట్టెయ్యాల్సిన పని లేదు. కొట్టేసిన చోట పర్యాయపదం పెడితే మాత్రం మొదటికే మోసం, "నిశ్చేష్టుడయ్యాడు" తీసి "స్థాణువయ్యాడు" పెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు.

అక్కడ ఆ మనిషి ఏం చేశాడో చూడాలి. ఫోన్ మోగింది, ఊళ్ళో నాన్న పోయాడని చెప్పారు. నవలలో అయితే రిసీవర్ చేతిలోంచి జారిపోతుంది, అది వేలాడుతూ "హలో, హలో" అంటూ ఉంటుంది, అతను కొయ్యబారిపోతాడు. నిజంగా ఆ ఫోన్లు వచ్చిన ఇళ్ళలో అలా జరగడం తక్కువ. "ఎన్నింటికి?" అని అడుగుతారు. "మొన్న మాట్లాడితే బాగానే ఉన్నాడే" అంటారు. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పాలు దించుతారు. రైలు ఎన్నింటికుందో చూస్తారు, బీరువాలో తెల్ల చొక్కా ఎక్కడుందో వెతుకుతారు, చిన్నపిల్లని స్కూలుకి పంపాలా వద్దా అని భార్యాభర్తలు కాసేపు వాదించుకుంటారు కూడా. బస్సెక్కాక ఎప్పుడో, టికెట్టుకి చిల్లర తీస్తూ పర్సులో పోయినసారి నాన్న తెచ్చిపెట్టమన్న మందుల చీటీ చేతికి తగులుతుంది.